వే ప్రోటీన్ పొడి వల్ల నిజంగా లాభం ఉందా? ఎవరు వాడాలి?

ఉంది, కానీ అందరికీ అవసరం లేదు. చీజ్ తయారీలో పాలు విరిగి ముద్ద కట్టాక మిగిలే తేట నీళ్లలోని ప్రోటీన్‌ను వేరుచేసి ఎండబెట్టిందే ఈ పొడి. ఒక స్కూపులో సుమారు 20–25 గ్రాముల ప్రోటీన్, అంటే దాదాపు నాలుగు గుడ్లకు సమానం. త్వరగా అరుగుతుంది, కండరాలకు కావలసిన లూసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌లోని ఒక భాగం) ఎక్కువ.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు రోజూ కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. 60 కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. పప్పు, పెరుగు, గుడ్లు, సెనగలు సరిగ్గా తింటే వచ్చేస్తుంది. చిక్కంతా మన కంచంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు ఉండటమే!

బాగా బరువులెత్తేవాళ్లకు, ఆకలి తగ్గిన వయసు పైబడినవాళ్లకు పొడి పనికొస్తుంది. నీళ్లలోనో పాలలోనో కలుపుకోవచ్చు. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరును అడగకుండా ముట్టుకోకండి, దయచేసి.