అజ్ఞాతవాసం నుంచి ఇంటికొచ్చిన డిక్ గ్రేసన్

సూపర్ హీరో గూఢచారిగా మారి, తర్వాత తనవాళ్లను మళ్లీ కలుసుకునే కామిక్ ఏదైనా ఉందా, నేరుగా ఆ కలయిక దగ్గరే మొదలుపెట్టొచ్చా అని అడిగారు. ఉంది, అమెరికా కామిక్స్ సంస్థ డీసీ వాళ్ల ‘గ్రేసన్’. నేరుగా మాత్రం వద్దు. ఆ పొరపాటు నేను చేశాను.

ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే 12వ సంచిక ఒక్కటే దొరికింది. ఎవరో వచ్చాడు, ఒకడు కొట్టాడు, ఒకమ్మాయి తిట్టింది. ఏమీ ఎక్కక పక్కన పడేశాను. ఏడాది తర్వాత మొదటి నుంచి చదివితే అదే సంచిక దగ్గర గొంతు పట్టేసింది.

డిక్ 1940లో వచ్చిన మొదటి రాబిన్, అంటే బ్యాట్‌మన్ పక్కన ఉండే కుర్ర హీరో. 1984లో నైట్‌వింగ్ అనే పేరుతో సొంతంగా హీరో అయ్యాడు. అసలు పేరు లోకానికి తెలిసిపోయాక, చనిపోయాడని అందరూ నమ్ముతారు. అదే అదనుగా బ్యాట్‌మన్ అయిన బ్రూస్ అతన్ని స్పైరల్ అనే గూఢచారి సంస్థలోకి పంపుతాడు. మాస్కు పోయింది, ఏజెంట్ 37 అన్న నంబరు మిగిలింది. పైకి అది ఆడపిల్లల స్కూలు, మనవాడు అక్కడ జిమ్నాస్టిక్స్ నేర్పే మాస్టారు! నాకైతే విరాటుడి కొలువులో ఉత్తరకు నాట్యం నేర్పిన బృహన్నలే గుర్తొచ్చాడు. కాకపోతే అర్జునుడి పక్కన అన్నదమ్ములున్నారు, ఇతను ఒంటరి.

2015లో వచ్చిన ఆ 12వ సంచికలో తమ ఊరు గోథమ్‌కి తిరిగొస్తాడు. తీరా చూస్తే, పంపిన బ్రూస్‌కే బ్యాట్‌మన్‌గా బతికిన రోజులు గుర్తులేవు. గడ్డం పెంచుకుని పిల్లల కోసం పనిచేసుకుంటున్నాడు. డిక్ తర్వాత రాబిన్ అయిన జేసన్ పిడికిలితో పలకరిస్తాడు. బ్యాట్‌గర్ల్ అయిన బార్బరా కోపం అంత తొందరగా చల్లారేది కాదు. ఇక బ్రూస్ కొడుకు డేమియన్! డిక్ లెక్కలో డేమియన్ చనిపోయాడు, డేమియన్ లెక్కలో డిక్ చనిపోయాడు. ఆ పొగరుబోతు పిల్లాడు వచ్చి వాటేసుకునే చోట నేను కాసేపు పేజీ తిప్పలేదు. పైగా స్పైరల్ అంతా వింటూనే ఉంటుంది. అందుకే డిక్ మాటల్లోనే సంకేతం దాచి చెబుతాడు. రెండోసారి చదివినప్పుడు గానీ అది నాకు వెలగలేదు.

ముందు ‘నైట్‌వింగ్’ 30వ సంచిక, తర్వాత ‘గ్రేసన్’ ఒకటి నుంచి వరుసగా చదవండి. మొత్తం 20 సంచికలే. మధ్యలో ‘ఫ్యూచర్స్ ఎండ్’ అనే విడి సంచిక తగులుతుంది, అందులో కథ చివర నుంచి మొదటికి నడుస్తుంది. దాన్ని ఖాళీగా ఉన్న రోజున పట్టుకోండి.