చిన్న ఫోన్ మోగితేనే లేవాలి

అమ్మలూ,

వచ్చే సోమవారం నుంచి ఆన్‌కాల్, అంటే ఆఫీసు సర్వర్లకు ఏదైనా అయితే రాత్రయినా లేచి చూసుకునే డ్యూటీ, నీ వంతని అక్క చెప్పింది. స్మార్ట్‌ఫోన్ పక్కన పడేసి కీప్యాడ్ ఫోన్ కొనుక్కుంటే కంటినిండా నిద్రపోవచ్చు కదా అని అడిగావట. కీప్యాడ్ ఫోన్ కొనుక్కో, మంచి ఆలోచనే. కానీ స్మార్ట్‌ఫోన్ వదిలెయ్యడం మాత్రం బెంగళూరులో కుదరదు. మెట్రోకి కార్డుంది, బీఎంటీసీ బస్సుకి చిల్లర చాలు, డబ్బు పంపడానికి కీప్యాడ్ ఫోన్ల కోసమే 2022లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన యూపీఐ 123పే ఉంది. అసలు చిక్కంతా ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చేర్చే వీపీఎన్‌తో. లాప్‌టాప్ మీద కనిపించిన అంకెను ఆథెంటికేటర్ యాప్‌లో కొట్టమంటుంది. రాత్రి మూడింటికి సర్వర్‌లో తేడా వచ్చిందని అలర్ట్ వస్తే మొదట కావలసింది అదే.

అందుకని రెండూ ఉంచుకో, పనులు మాత్రం కలపకు. చిన్న ఫోన్ మోగడానికి, పెద్ద ఫోన్ మిగతా అన్నిటికీ. పడుకునేటప్పుడు చిన్నది తలగడ దగ్గర, పెద్దది లాప్‌టాప్ పక్కన, చెయ్యి చాపితే అందనంత దూరంలో ఉండాలి. ఆన్‌కాల్‌లో మనిషిని అలవగొట్టేది మోగిన అలర్ట్ కాదు. ఏమైనా వచ్చిందేమోనని అరగంటకోసారి తెర వెలిగించి చూసుకోవడం. పైగా మీ అమెరికా టీమ్ ఉండే శాన్‌ఫ్రాన్సిస్కోలో పొద్దున్న 9:30 అంటే మనకు రాత్రి 10. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పాక 11. నువ్వు పక్క వేసుకునే వేళకి అక్కడ చాటింగ్ మొదలవుతుంది. అందులో నిన్ను లేపాల్సిన మాట ఒక్కటీ ఉండకపోవచ్చు, కానీ ఫోన్ చేతిలో ఉంటే అన్నీ చదువుతావు.

కొనేటప్పుడు డబ్బా మీద 4జీ, వోల్టీ (4జీ మీదే కాల్స్ వెళ్ళే పద్ధతి) అని ఉందో లేదో చూడు. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు, కాబట్టి పాత 2జీ సెట్‌లో ఆ సిమ్ పనిచెయ్యదు. జియోభారత్ లాంటివి ఆ కంపెనీ సిమ్ మాత్రమే తీసుకుంటాయి. రేపు నెట్‌వర్క్ మార్చాల్సి వస్తే ఫోన్ కూడా మార్చాలి. అందుకని ఏ సిమ్ అయినా పట్టేదే కొను. రెండు మూడు వేలల్లో కొత్తదే వస్తుంది. ఎస్పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ బజారులో సెకండ్ హ్యాండ్ తీసుకుంటే కొట్టు దగ్గరే *#06# కొట్టి, వచ్చిన ఐఎమ్ఈఐ నంబరు (ఫోన్ గుర్తింపు సంఖ్య) టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ సైట్‌లో సరిచూసుకో. పోయిందని ఫిర్యాదు చేసి బ్లాక్ చేయించిన ఫోనైతే అక్కడే బయటపడుతుంది. చాలా కీప్యాడ్ ఫోన్లకు ఇంకా పాత మైక్రో యూఎస్‌బీ పిన్నే ఉంటుంది, నీ ఛార్జర్ కేబుల్ పట్టదు. రెండు కేబుళ్ళు కొని ఒకటి గదిలో, ఒకటి ఆఫీసు బ్యాగులో ఉంచు.

ఈ ఫోన్లలో చాలావాటికి వైఫై కాలింగ్, అంటే వైఫై మీదుగా కాల్స్ వచ్చే సదుపాయం, ఉండదు. నీ స్మార్ట్‌ఫోన్ బెళ్ళందూరు గదిలో బాగా మోగుతోందంటే అది వైఫై చలవ కావచ్చు. చిన్న ఫోన్‌లో సిమ్ వేశాక బాల్కనీలో కాదు, మంచం దగ్గర పెట్టి చూడు. పగలు ఐదుసార్లు, రాత్రి ఐదుసార్లు రూమ్మేట్ ఫోన్ నుంచి చేయించు. పదిలో ఒక్కసారి 'అందుబాటులో లేరు' అని వచ్చినా ఆ నెట్‌వర్క్ నీ గదికి పనికిరాదు, మార్చెయ్. బేస్‌మెంట్ పార్కింగ్‌లోనూ లిఫ్టులోనూ ఏ నెట్‌వర్కూ నమ్మదగింది కాదు.

ఇప్పుడున్న సిమ్ తీసి చిన్న ఫోన్‌లో వెయ్యకు. బ్యాంకుకి ఇచ్చిన నంబరు అది. సిమ్ తీస్తే యూపీఐ యాప్ మళ్ళీ వెరిఫికేషన్ అడుగుతుంది, ఓటీపీలు ఒక ఫోన్‌కి, యాప్ ఇంకో ఫోన్‌లో అయిపోతాయి. చిన్న ఫోన్‌కి కొత్త నంబరే తీసుకో. డేటా ప్యాక్ అక్కర్లేదు. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాక కంపెనీలు కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన ప్యాకులు తెచ్చాయి, అది చాలు. గడువు తేదీ క్యాలెండర్‌లో రాసుకో. కొన్ని వారాలకోసారి వచ్చే డ్యూటీలో జనం మర్చిపోయేది రీఛార్జే, గడువు దాటితే ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది. ఇంకో సంగతి. కొత్త నంబరంటే ఎవరో వదిలేసినదే కావచ్చు. వాళ్ళ కోసం అప్పులవాళ్ళు ఫోన్ చేస్తుంటే రాత్రిళ్ళు నరకం. అందుకే డ్యూటీ మొదలవక ముందే సిమ్ ఆన్ చేసి కొన్ని రోజులు చూడు. అలాంటి కాల్స్ రోజూ వస్తుంటే ఆ నంబరు వదిలేసి ఇంకోటి తీసుకో.

కాల్ ఫార్వార్డింగ్ పెడితే సరిపోతుందని ఎవరైనా చెప్తే వినకు. ఫార్వార్డ్ చేస్తే అలర్టులతోపాటు పర్సనల్ లోన్ కావాలా అనేవాళ్ళు కూడా చిన్న ఫోన్‌కే వస్తారు. *401# కోడ్‌తో పెట్టే ఫార్వార్డింగ్‌ను మోసాల వల్ల టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపించింది కూడా.

ఇక అలర్టులు పంపే టూల్ పేజర్‌డ్యూటీ అయినా, మీ కంపెనీ వాడేది ఇంకేదైనా, అందులో నోటిఫికేషన్ రూల్స్ ఇలా పెట్టు. అలర్ట్ వచ్చిన వెంటనే చిన్న ఫోన్‌కి వాయిస్ కాల్. 2 నిమిషాలకు మళ్ళీ దానికే కాల్. 5 నిమిషాలకు పెద్ద ఫోన్‌కి కాల్. పది నిమిషాలు దాటితే సెకండరీకి, అంటే నీ తర్వాత లేవాల్సిన రెండో మనిషికి, వెళ్ళేలా ఎస్కలేషన్ పాలసీ ఉండాలి, అది మీ టీమ్‌లో పెట్టేవాళ్ళతో పెట్టించు. ఎస్సెమ్మెస్ మీద ఆధారపడకు. మన దేశంలో కంపెనీల ఎస్సెమ్మెస్‌లు స్పామ్ ఆపడానికి పెట్టిన డీఎల్‌టీ అనే రిజిస్ట్రేషన్ దాటి రావాలి, విదేశీ సర్వర్ నుంచి బయల్దేరినవి ఆలస్యం కావచ్చు, అసలు రాకపోనూ వచ్చు. యాప్ నోటిఫికేషన్‌కి వేరే జబ్బు ఉంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వాడని యాప్‌ను నిద్రపుచ్చుతాయి. పెద్ద ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ 'అన్‌రిస్ట్రిక్టెడ్' అని, ఆటోస్టార్ట్ ఉంటే అది ఆన్ అని పెట్టు.

అలర్ట్ కాల్స్ విదేశీ నంబర్ల నుంచి రావచ్చు. ఆ నంబర్ల జాబితా టూల్ వాళ్ళే ఇస్తారు. చిన్న ఫోన్‌లో అన్నీ ఒకే పేరుతో ఎక్కించుకో, పెద్ద ఫోన్‌లో స్పామ్ బ్లాక్ చేసే యాప్ ఉంటే అందులోనూ మినహాయింపు ఇవ్వు. ఫోన్ ఎత్తాక ఏ అంకె నొక్కాలో గొంతే చెప్తుంది, అది నొక్కితేనే నువ్వు అందుకున్నట్టు లెక్క. నిద్రమత్తులో కాల్ కట్ చేసి పడుకున్నావంటే అలర్ట్ నీ సెకండరీని లేపుతుంది. మంచం పక్కన కాగితం, పెన్ను పెట్టుకో. కాల్‌లో చదివిన సర్వర్ పేరు లాప్‌టాప్ తెరిచేలోపు గుర్తుండదు.

పెద్ద ఫోన్‌లో ఆఫీసు చాట్ యాప్‌లు రాత్రి మోగకుండా స్లాక్‌కి నోటిఫికేషన్ షెడ్యూల్, టీమ్స్‌కి క్వైట్ టైమ్ పెట్టెయ్. కంపెనీ వాళ్ళు ఆఫీసు యాప్‌లను విడిగా ఉంచే వర్క్ ప్రొఫైల్ పెట్టి ఉంటే దాన్నే పాజ్ చెయ్యొచ్చు, కానీ ఆథెంటికేటర్ అందులోనే ఉందేమో ముందు చూసుకో. ఉంటే పాజ్ తియ్యకుండా లాగిన్ కాలేవు.

అక్కకీ బావగారికీ చిన్న ఫోన్ నంబరు ఇవ్వు, వేళకాని వేళ వాళ్ళకు నువ్వు దొరకాలి. ఆ నంబరు తెలియాల్సింది వాళ్ళకీ, అలర్ట్ టూల్‌కీ, సెకండరీకీ, మేనేజర్‌కీ. ఇంకెవరికీ ఇవ్వకు, ఏ షాపింగ్ సైట్‌లోనూ కొట్టకు.

ఫోన్లు ఎన్ని సర్దినా, టీమ్‌తో మాట కుదరకపోతే చిన్న ఫోన్ కూడా పెద్ద ఫోన్‌లాగే తయారవుతుంది. సోమవారం లోపు మేనేజర్‌కి ఒక మెయిల్ రాయి. పొడుగ్గా వద్దు, ఇంత చాలు: "సార్, నా ఆన్‌కాల్ వారంలో రాత్రి 10 నుంచి పొద్దున్న 8 వరకు అలర్ట్ టూల్ నుంచి వచ్చిన కాల్‌కే స్పందిస్తాను, 15 నిమిషాల్లో లాగిన్ అవుతాను. చాట్ మెసేజీలు పొద్దున్న చూస్తాను. అత్యవసరమైతే టూల్‌లోనే అలర్ట్ పెట్టమని టీమ్‌కి చెప్పగలరు. రాత్రి పని చేసిన మర్నాడు ఆలస్యంగా వస్తాను. ఇది సరేనా?" చివరి ప్రశ్న తప్పకుండా ఉండాలి. దానికి 'సరే' అని వచ్చిన జవాబు దాచుకో.

అడగడానికి మొహమాటపడకు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పని వేళలు దాటాక స్పందించకపోవడాన్ని చట్టం కాపాడుతోంది. మన దగ్గర ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ఇలాంటి ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు గానీ, అది చట్టం కాలేదు. అందుకే నీకు ఆ మెయిలే ఆధారం. గూగుల్ ఇంజినీర్లు తమ పద్ధతిగా చెప్పుకున్నది ఇంకోటి ఉంది: 12 గంటల షిఫ్టులో రెండు ఘటనలకు మించకూడదు, ఒకే ఊళ్ళో ఉన్న టీమైతే కనీసం ఎనిమిది మంది ఉండాలి. మీరు నలుగురే ఉన్నారంటే నెలకో వారం నీదే. పెద్ద కంపెనీ లెక్క మీ టీమ్‌కి అతకకపోవచ్చు, అయినా మనుషులను పెంచమని అడిగేటప్పుడు ఈ అంకెలు చేతిలో ఉంటే మేలు.

కాగితం మీద మూడు గళ్ళు గీసుకో: ఎన్నింటికి మోగింది, దేనికి, లేచి నువ్వు చేసిందేమిటి. మూడో గడిలో 'ఏమీ చెయ్యలేదు' అని వచ్చినవన్నీ నిన్ను లేపకూడని అలర్టులు. డిస్క్ 80 శాతం నిండిందన్నది అలాంటిదే, పగలు చూసుకునే పనుల్లో ఒక టికెట్‌గా వస్తే చాలు. వారం అయ్యాక ఆ కాగితం టీమ్ మీటింగ్‌లో పెట్టి ఒక్కొక్కటీ తీయించు. దీన్ని వాయిదా వెయ్యకు, రెండో వంతు వచ్చేసరికి పాత అలర్టులే మళ్ళీ మోగుతాయి.

ఎవరో సహోద్యోగికి నీ చిన్న నంబరు తెలిసిపోతుంది, అదీ జరిగేదే. నీ వంతు కాని వారంలో చేస్తే ఒక్కసారి ఎత్తి, ఆన్‌కాల్ ఎవరిదో చెప్పి పెట్టెయ్. లాప్‌టాప్ తెరవకు. ఒకసారి తెరిచావా, తర్వాత నుంచి టూల్ వదిలేసి నీకే చేస్తారు.

శనివారం రాత్రి పదిన్నరకి టూల్‌లోంచి ఒక టెస్ట్ అలర్ట్ పెట్టించుకో. పెద్ద ఫోన్ దూరంగా పెట్టి, లైటు ఆర్పి, నిజంగా పడుకుని ఉండు. కాల్ రావడం, అంకె నొక్కడం, లాప్‌టాప్ తెరవడం, ఆథెంటికేటర్, వీపీఎన్, అన్నీ అయ్యేసరికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకో. 15 దాటితే ఎక్కడ ఆగిందో ఆదివారం నాకు ఫోన్ చేసి చెప్పు, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య
జేపీ నగర్, బెంగళూరు