అరిసె సగం తినొచ్చా డాక్టర్ గారూ?

పండగ నెల వచ్చిందంటే కడుపుతో ఉన్నవాళ్ళ ఇళ్ళ నుంచి నాకొచ్చే ఉత్తరాలు ఒక్కసారిగా నూనె వాసన కొడతాయి. తినొచ్చా, ఊరెళ్ళొచ్చా, ముగ్గెయ్యొచ్చా, అన్నీ ఇవే. ఈసారి మూడు తీసుకున్నా.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 28 వారాలు నిండాయి. హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాం, పుట్టిల్లు అమలాపురం దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక ఇదే మొదటి సంక్రాంతి, కొత్త అల్లుడని నాన్న మరీ మరీ పిలుస్తున్నారు. మొన్న గ్లూకోజ్ తాగించి చేసిన టెస్టులో షుగర్ ఉందన్నారు, మందులేం లేవు, తిండితోనే కంట్రోల్ చెయ్యమన్నారు. అమ్మేమో ఫోన్లో అరిసెలకి బియ్యం నానబోశా అంటోంది. వెళ్ళొచ్చా? అరిసె ముట్టుకోకూడదా? కనుమ రోజు ప్రభల తీర్థం చూడాలని కూడా ఉంది.

జవాబు: ముందు ప్రయాణం సంగతి. బ్లీడింగ్ అవ్వడం, బీపీ, మాయ కిందికి ఉండటం, కవలలు, ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పు, వీటిలో ఏదీ లేకపోతే 28 వారాలకి ఊరెళ్ళడం మామూలే, కానీ నిన్ను చూస్తున్న డాక్టర్ని ఒక్క మాట అడిగి కదులు. కారులో మాత్రం వద్దంటా. మామూలు రోజుల్లో ఎనిమిది తొమ్మిది గంటల దారి, పండగ ముందు రోజుల్లో పంతంగి టోల్‌గేట్ దగ్గరే ఎంతసేపు నిలబడాలో ఆ దేవుడికే తెలియాలి, అక్కడ బాత్రూమ్‌కి ఎక్కడికెళ్తావు చెప్పు. రైల్లో రాజమండ్రి వరకు వచ్చి అక్కణ్ణించి కారెక్కు. లోయర్ బెర్త్ కోటాలో గర్భిణులకీ వాటా ఉంది, డాక్టర్ సర్టిఫికెట్ పట్టుకుని రిజర్వేషన్ కౌంటర్‌కే వెళ్ళాలి (సంక్రాంతికి బెర్తులు మిగిలితే కదా అంటావేమో, నిజమే, అందుకే ఈ రోజే మీ ఆయన్ని పంపు). కారే గతి అయితే రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వెయ్యి, కూర్చునే ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కడుపుతో ఉన్నవాళ్ళకి ఎక్కువ. సీటు బెల్టు పొట్ట మీద నుంచి కాదు, కింది పట్టీ పొట్ట కింద తుంటి మీదుగా, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి రావాలి. రిపోర్టుల ఫైలు సూట్‌కేసులో అడుగున కాదు, చేతి బ్యాగులో పెట్టుకో.

ఇప్పుడు అరిసె. అమ్మ ఏమంటుందో నేను చెప్పనా, "బెల్లమే కదే, పంచదార కాదుగా, ఏం కాదు తిను" అంటుంది. బెల్లమైనా పంచదారైనా రక్తంలోకి వెళ్ళాక షుగరే తల్లీ. పైగా అరిసెలో ఉన్నదంతా బియ్యప్పిండీ బెల్లమూ నూనే, షుగర్‌ని ఆపే సరుకు అందులో ఏదీ లేదు. అలాగని మూడు రోజులూ అందరూ తింటుంటే నిన్ను గోడ చూస్తూ కూర్చోమనను, అలా కూర్చోబెడితే అర్ధరాత్రి డబ్బా మూత తీసి రెండు లాగించేస్తారు, చూశాను కాబట్టే చెప్తున్నా. పొద్దున్నే ఖాళీ కడుపుతో మాత్రం వద్దు, కడుపుతో ఉన్నప్పుడు చాలామందికి షుగర్ ఎక్కువగా ఎగిరేది ఆ పూటే. మధ్యాహ్నం భోజనంలో అన్నం బాగా తగ్గించేసి, కూరా పప్పూ కోడికూరా తిన్నాక చివర్లో సగం అరిసె, నువ్వులద్ది గట్టిగా నొక్కి నూనె పిండేసినది, నెమ్మదిగా నమిలి తిను. తర్వాత ఓ పదిహేను నిమిషాలు పెరట్లో నడువు. తినడం మొదలుపెట్టిన రెండు గంటలకి వేలు పొడిచి చూసుకో, 120 లోపు ఉంటే సరే, దాటితే ఆ సగం కూడా నీకు పడట్లేదని లెక్క. పరగడుపున 95 లోపు ఉండాలి, రెండు మూడు రోజులు వరసగా దాటుతుంటే పండగైనా సరే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. చక్కెర పొంగలి, పూర్ణాలు, చెరుకు ముక్కలు ఇవన్నీ అరిసె ఖాతాలోకే వస్తాయి, ఆ రోజు అరిసె తింటే అవి లేవు. పులిహోర తీపి కాదు కదా అనుకోకు, అదీ అన్నమే. కనుమ నాడు మినుము తినాలంటారు, గారెలు రెండు తినొచ్చు. నాటుకోడి బాగా ఉడకనివ్వు, ముక్క తినే తొందర వద్దు. లివర్ మాత్రం నీ ప్లేటులో వెయ్యొద్దని చెప్పు, అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ.

ఇద్దరి కోసం తినాలి అని ఎవరైనా వడ్డిస్తే, ఆ రెండో మనిషి ఇంకా కిలో చిల్లరే అని చెప్పు.

ప్రభల తీర్థం, అదీ మీ కోనసీమ జగ్గన్నతోటలో! వెదురుతో, రంగు బట్టలతో కట్టిన ఆ ప్రభల్ని భుజాల మీద ఎత్తుకుని వరిచేలల్లోంచి, కౌశిక కాలువ దాటించి తీసుకొస్తుంటే చూడాలనిపించని కోనసీమ పిల్ల ఉంటుందా. కానీ తోటలోకి వెళ్ళకు, ఆ జనంలో ఒక్క తోపులాట చాలు. తీర్థానికి వచ్చే పదకొండు ఊళ్ళ శివుళ్ళలో, అదే ఏకాదశ రుద్రుల్లో, మీ దగ్గరి ఊరి ప్రభ ఏ దారిన వెళ్తుందో కనుక్కుని, ఆ దారిలో తెలిసినవాళ్ళ అరుగు మీద కుర్చీ వేయించుకో. బయల్దేరే ముందు నీళ్ళ సీసా, రెండు వేరుశనగ ఉండలకి బదులు గుప్పెడు వేయించిన శనగలు పెట్టుకో.

ప్రశ్న: మేడం, మాది కరీంనగర్ దగ్గర. నాకు మూడో నెల నడుస్తుంది. ఇంట్ల సకినాలు చేస్తున్నం, మా అత్తమ్మ నువ్వులు వేడి, కడుపు పోతది, సకినం ముట్టకు అంటది, కానీ చుట్టనీకి మాత్రం పొద్దటి నుంచి కూసోవెడ్తది. నూనె వాసనకే వాంతులైతున్నయి.

జవాబు: తినొద్దట, చుట్టాలట! సకినంలో పడే నువ్వులతో కడుపు పోదమ్మా, నువ్వులు పడనివాళ్ళు తప్ప ఎవరైనా తినొచ్చు, వాటిలో కాల్షియం, ఐరన్ ఉంటాయి కూడా. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో ఎక్కువ భాగం పిండంలోనే ఏదో లోపం ఉండటం వల్ల పోతాయి, నువ్వుల మీదో బొప్పాయి ముక్క మీదో నింద పడుతుంది. అత్తమ్మతో గొడవెందుకు, భయంతోనే అంటోంది, తర్వాతిసారి చెకప్‌కి ఆమెని కూడా తీసుకెళ్ళి డాక్టర్ నోటితోనే చెప్పించు. ఇక బట్ట పరిచి నేల మీద వంగి గంటలు గంటలు చుట్లు తిప్పడం, అరగంటకోసారి లేచి నడుము చాపు, పొయ్యి దగ్గరికి అసలు పోకు. కడుపు ఖాళీగా ఉంచకుండా కొంచెం కొంచెం తింటుంటే వాంతులు కాస్త నయం. ఒక రోజంతా నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం తక్కువగా ముదురు రంగులో వస్తున్నా ఆస్పత్రికి వెళ్ళాలి, పండగ అయ్యాక కాదు, అప్పుడే. ఫోలిక్ యాసిడ్ బిళ్ళ వాంతి కాని పూట చూసి వేసుకో.

ప్రశ్న: అమ్మా, మాది విజయనగరం. కోడలికి ఎనిమిదో నెల. భోగి మంట దగ్గరికి తీసుకురావచ్చా? వాకిట్లో ముగ్గు వేస్తే కాన్పు సుఖంగా అవుతుందని నేనంటే మా అబ్బాయి నామీద కేకలేస్తున్నాడు. మా రోజుల్లో మేం చెయ్యలేదా?

జవాబు: చేశాం వదిన గారూ, కాదనను. ముగ్గు కోసం గొంతుక్కూర్చోవడంలో తప్పేం లేదు, ఓపిక ఉంటే పగలు ఇంట్లో కాసేపు కూర్చోమనండి, కాన్పు దానివల్లే సుఖంగా అవుతుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను. నా భయమల్లా తెల్లారుజామున మంచులో, కళ్ళాపి తడి మీద, ముందుకి లాగే పొట్టతో కాలు జారుతుందని. అందుకని ఈ విషయంలో మీ అబ్బాయి పక్షమే. మంట దగ్గరికి రావచ్చు, పిడకల దండ వేసి దణ్ణం పెట్టుకుని పొగ రాని వైపుకి దూరం జరిగిపోవాలి, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ బిడ్డ దాకా వెళ్తుంది. కుర్రాళ్ళు పాత టైర్లు, ప్లాస్టిక్ పడేస్తుంటే మాత్రం అసలు బయటికే తీసుకురాకండి. బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా, మొహం ఉబ్బినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనపడినా 108కి ఫోన్ చెయ్యడమే, పండగ పూట ఎందుకులే అనొద్దు.

మా పెద్దదాని కడుపుతో ఉన్నప్పుడు నన్నూ మా అత్తగారు అరుగు మీద కుర్చీ వేసి, శాలువా కప్పి కూర్చోబెట్టారు. కింద మా ఆడపడుచు ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెడుతోంది, నాకు పనేముంది, చుక్కలు లెక్కపెట్టా, ఏడో వరసలో ఒకటి తగ్గిందని చెప్పా. అప్పటికి సగం గీతలు కలిపేసింది పాపం. మళ్ళీ కళ్ళాపి చల్లుకుని మొదట్నుంచీ వేసింది, ఇప్పటికీ భోగి రోజు ఫోన్ చేసి "వదినా, లెక్కపెట్టేవా" అంటుంది.