కారు అమ్మిన డబ్బు పోలీసులు పట్టుకెళ్లారు, కేసు మాత్రం లేదు!

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పాత కారు అమ్మగా వచ్చిన 3,200 పౌండ్లు బ్యాగులో పెట్టుకుని వెళ్తుంటే పోలీసులు ఆపి, డబ్బంతా కవర్‌లో వేసి సీల్ చేసి తీసుకెళ్లారు. అరెస్టూ లేదు, కేసూ లేదు. అలా ఎలా తీసుకుంటారు? వచ్చే నెల ఇండియా వెళ్తూ నాన్నకి కొంత నగదు పట్టుకెళ్దామనుకున్నాను. ఇప్పుడు కస్టమ్స్ అంటే కూడా టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దు

జవాబు: తీసుకోవచ్చండీ, వినడానికి అన్యాయంగా ఉన్నా. అక్కడ 2002 నాటి ప్రొసీడ్స్ ఆఫ్ క్రైమ్ చట్టం ఉంది. 1,000 పౌండ్లు గానీ అంతకు మించి గానీ నగదు దొరికి, అది నేరం వల్ల వచ్చిందనో, నేరానికి వాడబోతున్నారనో అనుమానించడానికి తగిన కారణం ఉంటే పోలీసులైనా కస్టమ్స్ వాళ్లైనా స్వాధీనం చేసుకోవచ్చు, మీ మీద కేసు ఉండనక్కర్లేదు. మొదట్లో ఈ హద్దు 10,000 పౌండ్లు, తగ్గించుకుంటూ వచ్చి 2006లో వెయ్యికి దించారు. (చెక్కులు, చివరికి కాసినో టోకెన్లు కూడా ఈ చట్టం లెక్కలో నగదే.) నగదు కోసం ఒంటిని తడిమి చూడొచ్చు గానీ, ఈ చట్టం కింద బట్టలు విప్పించే అధికారం లేదు.

తీసుకున్నాక మాత్రం వాళ్లకీ గడువుంది. 48 గంటలు దాటి ఉంచుకోవాలంటే మేజిస్ట్రేట్ కోర్టు అనుమతి కావాలి, శని ఆదివారాలు, బ్యాంకు సెలవులు ఈ లెక్కలోకి రావు కాబట్టి శుక్రవారం సాయంత్రం పట్టుకుంటే ఆదివారానికి గడువైపోయిందని గొడవపడకండి. కోర్టు ఒక్కో విడతకి ఆరు నెలల దాకా, మొత్తం మీద రెండేళ్ల దాకా పొడిగించగలదు. ఈలోగా డబ్బు వడ్డీ వచ్చే ఖాతాలో ఉంటుంది, తిరిగి ఇచ్చేయమని మీరే కోర్టుకి అర్జీ పెట్టుకోవచ్చు.

అసలు చిక్కు రుజువు దగ్గరుంది. క్రిమినల్ కేసులోలా సందేహానికి తావులేకుండా రుజువు చేయాల్సిన పని వాళ్లకి లేదు, నేరపు డబ్బు అయ్యుండటానికే ఎక్కువ అవకాశం ఉందని కోర్టుకి అనిపిస్తే చాలు, జప్తు చేసేస్తారు. అందుకే కారు అమ్మకానికి పెట్టిన ప్రకటన, కొన్నాయనతో నడిచిన మెసేజ్‌లు, యజమాని మారినట్టు డీవీఎల్ఏకి (అక్కడ వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ) మీరు తెలిపిన రికార్డు, అన్నీ ఇవాళే ఒకచోట పెట్టండి. రోడ్డు మీద వాళ్లకి ఏం చెప్పారో కూడా గుర్తు చేసుకుని రాసుకోండి, ఎందుకంటే అప్పుడొక మాట, కోర్టులో ఇంకో మాట అయితే నిజమైన డబ్బు కూడా పోతుంది. జప్తు నోటీసంటూ వస్తే పక్కన పడేయకండి. అభ్యంతరం చెప్పడానికి కనీసం 30 రోజులిస్తారు, మీరు చెప్పకపోతే విచారణ కూడా లేకుండానే డబ్బు వాళ్లదైపోతుంది. ఈ దశలో మాత్రం సొలిసిటర్ (లాయర్) ఫీజుకి వెనకాడొద్దనే నేనంటాను.

ఇక విమానాశ్రయం సంగతి. 10,000 పౌండ్లు, ఆపైన ఉంటే దేశం దాటేటప్పుడు డిక్లేర్ చేయాలి, కుటుంబంగా వెళ్తుంటే అందరిదీ కలిపి లెక్క. చేయకపోతే 5,000 పౌండ్ల దాకా జరిమానా. అయితే "నా దగ్గర తొమ్మిదివేలే ఉంది, నన్నెవరేం చేస్తారు" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అది పొరపాటు. డిక్లరేషన్ హద్దు వేరు, స్వాధీనం చేసుకునే వెయ్యి పౌండ్ల హద్దు వేరు. డిక్లేర్ చేసిన డబ్బుని కూడా అనుమానం ఉంటే ఆపొచ్చు. ఇండియాలో దిగాక కూడా విదేశీ నోట్లు 5,000 అమెరికన్ డాలర్ల విలువ దాటితే కస్టమ్స్‌కి చెప్పాలి. ఇంత తలనొప్పి ఎందుకండీ, నాన్నగారి ఖాతాకి బ్యాంకు నుంచి పంపేయండి.