మీ ప్రశ్నలు, నా జవాబులు: నాలుగు పౌన్ల కక్కుర్తి

పోయిన నెల మోసగాళ్ల కథల గురించి రాస్తూ, మన సాహిత్యంలో కన్యాశుల్కం గిరీశం కన్నా అదే నాటకంలోని కరటకశాస్త్రే పెద్ద మాయగాడని ఒక మాట అన్నాను. ఉత్తరాలు బాగానే వచ్చాయి, తిట్లు కూడా. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

*సార్, మొదటి నవల రాస్తున్నాను. ముగ్గురు స్నేహితులు ఒక రాగి చెంబుని రైస్ పుల్లర్ అని నమ్మించి, రియల్ ఎస్టేట్ వ్యాపారి దగ్గర రెండు కోట్లు లాగుతారు. చివరి అధ్యాయంలో ఎస్సై వచ్చి పట్టుకుంటాడు. చదివిన ఫ్రెండ్ "అంతా బాగుంది గానీ చివర్లో తుస్సుమంది" అన్నాడు. ఎక్కడ తేడా కొట్టింది?*
*– ఒక పాఠకుడు, నంద్యాల*

ఆ ఫ్రెండ్‌ని వదులుకోకండి. మీ ఎస్సై ఎక్కడి నుంచో ఊడిపడ్డాడు, అదీ తేడా. ఆయనకి కబురు ఎవరు చెప్పారు? చెంబు కొన్నవాడైతే చెప్పడు. వాడూ దొంగచాటుగా కోట్లు కొట్టేద్దామనే దిగాడు, తెచ్చింది లెక్కల్లో చూపించని డబ్బు, ఇక స్టేషన్‌కి వెళ్లి ఏమని రాసిస్తాడు? నోరు మూసుకుని కూర్చుంటాడు.

రైస్ పుల్లింగ్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పిడుగు పడిన పాత చెంబులో ఇరిడియం అనే అరుదైన లోహం చేరుతుందనీ, అది బియ్యపు గింజల్ని లాగుతుందనీ, విదేశీ అంతరిక్ష సంస్థలు కోట్లు పోసి కొంటాయనీ చెబుతారు. గింజలకి ఇనుప రజను పట్టించి చెంబులో అయస్కాంతం దాస్తే లాగక ఏం చేస్తుంది! కానీ వాళ్లకి అసలు రాబడి 'టెస్టింగ్' మీద. సైంటిస్టు రావాలి, రేడియేషన్ సూటు కావాలి, ల్యాబుకి కట్టాలి, ఇవాళ మబ్బు పట్టింది కాబట్టి టెస్టు వాయిదా, మళ్లీ ఫీజు. 2018లో ఢిల్లీ పోలీసులు ఇలాగే ఒక తండ్రీకొడుకుల్ని పట్టుకున్నారు. ఒక వ్యాపారి దగ్గర 1.43 కోట్ల రూపాయలు లాగారని కేసు. వ్యోమగాముల్లా తొడుక్కున్న ఆ సూట్ల ఫొటోలు పేపర్లో చూసి జనం నవ్వుకున్నారు గానీ, సూటు చూసి నమ్మినవాడికి అప్పుడు నవ్వు రాలేదు కదా. మీరు పంపిన సారాంశంలో ఈ టెస్టింగ్ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నలభై పేజీలు రాసుకోవాల్సిన చోటు అది.

ఇక పట్టుబడటం. కోనన్ డాయిల్ 1891లో ఎర్రజుట్టువాళ్ల సంఘం కథ రాశాడు. లండన్‌లో ఒక తాకట్టు వ్యాపారి, ఎర్రజుట్టువాడు. ఎర్రజుట్టు ఉంటే చాలు, వారానికి నాలుగు పౌన్లు ఇస్తామని పేపర్లో ప్రకటన. రోజూ పది నుంచి రెండు దాకా ఒక ఆఫీసులో కూర్చుని బ్రిటానికా ఎన్‌సైక్లోపీడియాని చేత్తో ఎత్తి రాయడమే పని. ఆయన అక్కడ కూర్చుని 'ఎ' అక్షరం రాసుకుంటూ ఉంటే, ఇక్కడ ఆయన కొట్టు కిందనుంచి బ్యాంకు నేలమాళిగలోకి సొరంగం తవ్వుతున్నారు. ఎనిమిది వారాలు అంతా సాఫీగా నడిచింది. సొరంగం పూర్తి కాగానే, సంఘం రద్దయిందని తలుపుకి అట్టముక్క కొట్టేసి మాయమయ్యారు. అది శనివారం, అంటే జీతం రోజు! ఆ నాలుగు పౌన్లు ఆయన చేతిలో పెట్టి పంపేస్తే ఆయన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ గడప తొక్కేవాడే కాదు, వాళ్లు ఆ రాత్రి తమ పని తాము చూసుకునేవాళ్లు. బ్యాంకులో ఉన్నది 30,000 ఫ్రెంచి బంగారు నాణేలు. హోమ్స్ తెలివి సంగతి అందరూ చెబుతారు, నాకు మాత్రం ఈ కక్కుర్తే ఇష్టం.

మీ ముగ్గురిలో ఎవడి కక్కుర్తి ఏమిటో రెండో అధ్యాయంలోనే పాఠకుడికి చూపించండి. సైంటిస్టు వేషానికి అయిదు వేలకి కుదుర్చుకున్న నాటకాలాయనకి అసలు బేరం రెండు కోట్లని తెలిస్తే ఏం చేస్తాడు? లేదా చెంబు కొన్న వ్యాపారి అది నిజమేనని గట్టిగా నమ్మేసి, పోయిన డబ్బు రాబట్టుకోవడానికి తనే బ్రోకరై ఇంకొకరికి అమ్మబోతే? ఎస్సై అక్కర్లేదు, ఆ ఇంకొకరు మీ హీరో బావమరిది అయితే చాలు.

*కన్యాశుల్కం సంఘ సంస్కరణ నాటకం. దాన్ని తీసుకెళ్లి క్రైమ్ నవలల పక్కన కూర్చోబెట్టడం మీకు తగునా?*
*– ఒక విశ్రాంత తెలుగు మాస్టారు, విజయనగరం*

మాస్టారూ, నమస్కారం. సంస్కరణ నాటకమే, కాదనను. కానీ కథ ఎలా నడుస్తుందో ఒకసారి చూడండి. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి పెళ్లి పేరుతో అమ్మకుండా ఆపాలి. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేయించి, ఆ ముసలాయనకి సుబ్బికన్నా తక్కువ వెలకి పెళ్లికూతుర్ని చూపించాడు. ముసలాయన లోభం తెలిసినవాడు కాబట్టి ఎర కూడా ఆ లోభానికి తగ్గట్టే వేశాడు. మధ్యలో రామప్పంతులు తన వాటా కోసం తహతహలాడుతూ, తెలియకుండానే వాళ్ల పని చేసిపెట్టాడు. మోసానికి కావాల్సిన దినుసులన్నీ ఉన్నాయి కదండీ.

ఆ తరవాతది ఇంకా గొప్పగా ఉంటుంది. పథకం ఎక్కడా బెడిసికొట్టలేదు, నూటికి నూరుపాళ్లూ పారింది, అదే కొంప ముంచింది! పెళ్లయింది, వేషం విప్పేసి శిష్యుడు మాయమయ్యాడు, కొత్త పెళ్లికూతురు కనబడటం లేదు కాబట్టి ముసలాయనే చంపేశాడని ఖూనీ కేసు. లేని మనిషిని చంపినందుకు విచారణ! నిజం చెబితే కరటకశాస్త్రి ఇరుక్కుంటాడు, చెప్పకపోతే ఒక అమాయకుడు ఉరికంబం ఎక్కుతాడు (లుబ్ధావధాన్లుని అమాయకుడు అనాల్సి రావడం కూడా గురజాడ చమత్కారమే). ఆ ముడి విప్పడానికి వేశ్య మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరకి వెళ్లాల్సొచ్చింది. మనం ఇప్పుడు చదివే ఈ రూపం 1909 నాటిది. ఇలాంటి మలుపు ఈ రోజు ఎవరైనా రాస్తే, పుస్తకం అట్ట మీద క్రైమ్ థ్రిల్లర్ అని వేస్తారా లేదా మీరే చెప్పండి.

*వాడు ఫోర్ ట్వంటీ అంటాం కదా, ఆ సెక్షన్ ఇప్పుడు లేదట. నిజమేనా?*
*– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం*

నిజమేనమ్మా. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 420 ఇప్పుడు 318(4). కథ ఈ కాలంలో జరుగుతుంటే ఎఫ్ఐఆర్‌లో 420 అని రాయకండి. తిట్టుకి మాత్రం పాతదే వాడుకోండి, "వాడొక త్రీ ఎయిటీన్" అంటే ఎవడికీ కోపం రాదు.

*పథకం చెడకుండా చివరిదాకా గెలిచినవాడు నిజజీవితంలో ఉన్నాడా?*
*– ఒక పాఠకుడు, షోలాపూర్*

ఉన్నాడు. 1987 మార్చిలో బొంబాయి. ఇంటెలిజెన్స్ ఆఫీసర్లు కావాలని టైమ్స్ ఆఫ్ ఇండియాలో ప్రకటన వేయించి, తాజ్ హోటల్లో ఇంటర్వ్యూలు చేసి, 26 మందిని ఎంపిక చేశాడొకాయన. మాక్ రెయిడ్, అంటే ఉత్తుత్తి సోదా అని వాళ్లని బస్సెక్కించి, ఒపేరా హౌస్ దగ్గరున్న త్రిభువన్‌దాస్ భీమ్‌జీ జవేరీ నగల షాపుకి తీసుకెళ్లాడు. షాపువాళ్లతో సీబీఐ సోదా అన్నాడు. నగలు శాంపిళ్ల పేరుతో సంచుల్లో వేసి సీలు కొట్టించి, కుర్రాళ్లని కాపలా ఉండమని చెప్పి ఆ సంచులతో వెళ్లిపోయాడు. షాపువాళ్లకి అనుమానం రాలేదు, కుర్రాళ్లకీ రాలేదు, ఎందుకంటే ఆ 26 మంది అబద్ధం ఆడటం లేదు, నిజంగానే ఉద్యోగం వచ్చిందనుకుంటున్నారు. ఆ మనిషి ఇప్పటికీ దొరకలేదు. నాకు ఆ దొంగ కన్నా, సాయంత్రం ఇంటికెళ్లి ఉద్యోగం సంగతి అమ్మకి ఏం చెప్పాలో తెలియని ఆ కుర్రాళ్లలో ఒకడి కథ రాయాలని ఉంది. ఎవరైనా ముందు రాస్తే నాకు పంపండి.

*చిన్నప్పటి నుంచీ డిటెక్టివ్ నవలలు నమిలేశాను. అయినా వీడియోలకి లైకు కొట్టే పార్ట్ టైం జాబ్ అని నమ్మి 60 వేలు పోగొట్టుకున్నాను. మొదట్లో 150, 300 నిజంగానే వేశారు. ఇంట్లో చెప్పాలంటే సిగ్గుగా ఉంది.*
*– పేరు వద్దన్నారు, కరీంనగర్*

అమ్మా, ముందు ఈ పత్రిక పక్కన పెట్టి 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల నంబరు అది. ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాల్లో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆలస్యమైపోయిందనుకున్నా సరే, చేయండి. ఆ తరవాత ఇంట్లో చెప్పండి.

చూశారా, ఎర్రజుట్టాయనకీ మీకూ ఇచ్చింది ఒకటే ఉద్యోగం. కాకపోతే ఇప్పటివాళ్లు నాలుగు పౌన్ల దగ్గర కక్కుర్తి పడరు, ముందే ఇచ్చేస్తారు.

సిగ్గు సంగతంటారా, నాది వినండి. రైల్వేస్టేషన్ బయట ఒకాయన, పర్సు పోయింది, భార్యాపిల్లలతో బరంపురం వెళ్లాలంటే ఎనిమిది వందలు ఇచ్చాను. నెల తిరక్కుండా అదే చోట అదే మనిషి నన్ను గుర్తుపట్టకుండా మళ్లీ అదే మొదలుపెట్టాడు. ఈసారి చిన్నపిల్లకి జ్వరం అనే ముక్క కొత్తగా చేర్చాడు, బరంపురం తీసేసి రాయగడ పెట్టాడు. మొదటిదానికన్నా బాగా కుదిరింది. యాభై ఇచ్చాను.