రాత్రిపూట క్యాజువాలిటీకి పరిగెత్తే పని పడకుండా

నాయనా,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. సోమవారం నుంచి మీ నాన్నకు నెల్లూరులో రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు అన్నావు. బుగ్గ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిపోయింది, పెద్ద గండం దాటాం అనుకుంటున్నారు మీరంతా. మీ పెదనాయనప్పుడు మేమూ అట్లాగే అనుకున్నాం. ఆ తర్వాత మూడు నెలల్లో కావలి నుంచి నెల్లూరుకు రాత్రిపూట ఐదుసార్లు పరిగెత్తాం. అందులో మూడుసార్లు అసలు పోవాల్సిన పనే లేదు, పగలే ఒక ఫోన్ చేసుంటే సరిపోయేది. ఒకసారి మాత్రం పొద్దున్నే పోవాల్సింది, రాత్రి దాకా ఆగాం. దేనికి ఆగాలో దేనికి ఆగకూడదో తెలియకే ఇదంతా, అందుకే కూర్చుని రాస్తున్నా.

మొదటి రెండు వారాలు మీ నాన్న బాగానే ఉంటాడు, ఆదివారం పొదిలి పోయి పొగాకు చూసొస్తానంటాడు. మూడో వారం నుంచి నోట్లో పుండ్లు, ఉమ్మి జిగురు, మింగితే మంట. ఆరేడు వారాలయ్యాక చివరి రోజు అందరికీ దణ్ణం పెట్టి ఊరికి వచ్చేస్తారు చూడు, నొప్పి ఎక్కువగా ఉండేది ఆ తర్వాత రెండు వారాలే. రోజూ చూసే డాక్టర్ ఉండడు, ట్రీట్‌మెంట్ అయిపోయిందిగా అని ఎవరికీ ఫోన్ చేయబుద్ధి కాదు. అందుకని చివరి రోజు బయల్దేరే ముందే రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో నంబర్ అడిగి రాసుకో, వారం తిరక్కముందే ఒకసారి చూపించుకునే తేదీ కూడా ఇప్పించుకో.

మింగలేనప్పుడు తిండి పోయడానికి ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం సంగతి కొంచెం వివరంగా చెప్తా, మా ఐదు పరుగుల్లో రెండు దాని పుణ్యమే. చిక్కగా ఉంటే బలం అనుకుని రాగిజావ వడకట్టకుండా పోశాను, దాని వెనకే మాత్ర నూరి పోశాను, అది సరిగా నలగలేదు. గొట్టం లోపల ముద్ద బయటికే కనపడుతోంది, సిరంజీ నొక్కితే కదలదు, గట్టిగా నొక్కితే గొట్టం ఊడి నీళ్లన్నీ ఆయన మొహం మీద పడ్డాయి. ఏమీ అనలేదాయన, తువ్వాలు తీసుకుని తుడుచుకున్నాడు. మీ అమ్మకు చెప్పు, జావ పల్చటి గుడ్డలో వడకట్టాలి, పోసే ముందూ పోశాకా గోరువెచ్చని నీళ్లు పోయాలి, మాత్ర పిండిలా నూరి నీళ్లలో పూర్తిగా కరిగించాలి. కొన్ని మాత్రలు అసలు నూరకూడదు, అవేవో ముందే అడగండి. ముక్కు దగ్గర గొట్టం మీద మార్కర్‌తో గీత పెట్టి ప్రతిసారీ చూసుకోండి. గీత జరిగితే మీరు లోపలికి తోయొద్దు, చుక్క కూడా పోయొద్దు, కడుపులో ఉండాల్సింది ఊపిరితిత్తుల వైపు పోయి ఉండొచ్చు. ఫోన్ చేసి కనుక్కో, ఊపిరి బాగానే ఉంటే చాలాసార్లు తెల్లవారే దాకా ఆగమనే చెప్తారు. పోసేటప్పుడు కూర్చోబెట్టాలి, పోశాక అరగంట పడుకోనివ్వొద్దు.

మూడోది నీరసం. రెండు రోజులుగా ఒంటేలు తక్కువగా, ముదురు పసుపులో వస్తోంది, లేస్తే తల తిరుగుతోందని సైగ చేశాడు, ఎండలకేమోలే అనుకున్నా. సిస్‌ప్లాటిన్ పడేవాళ్లకు ఒంట్లో నీళ్లు తగ్గితే దెబ్బ కిడ్నీలకే. పగలు తీసుకెళ్లుంటే సెలైన్ ఎక్కించి సాయంత్రానికి పంపేవాళ్లు. నొప్పి అన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ చేత నొప్పి ఇంజెక్షన్ మాత్రం వేయించొద్దు, అదీ కిడ్నీల మీదే పడుతుంది. డాక్టర్ నొప్పికి మార్ఫిన్ రాస్తే భయపడకుండా టైముకు ఇవ్వండి, విరేచనం మందు కూడా అడగండి, లేకపోతే మలబద్ధకంతో ఇంకో బాధ.

జ్వరం దగ్గర మేం తప్పు చేశాం. పొద్దున ఒళ్లు వెచ్చగా ఉంటే పారాసిటమాల్ ఇచ్చా, తగ్గింది, రాత్రికి చలి జ్వరంతో మంచం ఊగిపోయింది. కీమో పడ్డాక తెల్లకణాలు పడిపోతాయి, ఆ రోజుల్లో ఇన్ఫెక్షన్ వచ్చిందనడానికి చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు, మాత్రతో దాన్ని కప్పేశాను నేను. థర్మామీటర్ కొను. నోట్లో పెట్టే పరిస్థితి ఉండదు, చంకలో కాస్త తక్కువే చూపిస్తుంది, అక్కడ 100 వచ్చినా మాత్ర ఇవ్వకముందే ఫోన్ చెయ్, 100.4 దాటితే ఏ వేళైనా బయల్దేరు.

ఇంకో రెండింటికి ఫోన్ కూడా వద్దు, నేరుగా 108. ఊపిరి కష్టమైనా, పీల్చేటప్పుడు గొంతులో కీచుమని శబ్దం వచ్చినా. నోట్లోంచి గానీ మెడ కుట్ల దగ్గర గానీ రక్తం వచ్చినా, అది దానంతటదే ఆగిపోయినా సరే. పెద్ద రక్తనాళం పక్కనే ఉంది నాయనా, మొదట కొంచెం వచ్చి ఆగి తర్వాత ఒక్కసారిగా పోవచ్చు. బయటికి కనపడితే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టు, నోట్లోంచైతే ముందుకు వంచి కూర్చోబెట్టు, వెల్లకిలా పడుకోబెట్టొద్దు.

చివరిగా ఒక కాగితం. మీ పెదనాయనకు గొంతు పెట్టె తీసేశారు కదా, ఊపిరి మెడలో రంధ్రం నుంచే. ఆ రాత్రి రంధ్రంలో కఫం ఎండి ఊపిరాడక తీసుకెళ్తే, క్యాజువాలిటీలో కొత్త డ్యూటీ డాక్టర్ ఆక్సిజన్ మాస్క్ తెచ్చి ముక్కుకు పెట్టాడు. ఆయన మాట్లాడలేడు, చేతులు ఊపుతుంటే కంగారు పడుతున్నాడని ఇద్దరు పట్టుకున్నారు. నేను అరిచి ఆ మాస్క్ లాగి మెడ మీద పెట్టాను. ఆ పిల్లాణ్ణి తిట్టను, చెప్పే కాగితం మా దగ్గర లేదు. మీ నాన్నకు రంధ్రం లేదు, కానీ నోరు రెండు వేళ్లు కూడా తెరుచుకోదు, అర్జెంటుగా ఊపిరి గొట్టం వేయాల్సి వస్తే వాళ్లకు అది ముందే తెలియాలి. ఏ క్యాన్సర్, ఏ ఆపరేషన్, చివరి కీమో ఏ తేదీన, ఏ మందులు, ఏది పడదు, డాక్టర్ నంబర్, అన్నీ పెద్ద అక్షరాలతో ఒకే పేజీలో రాయి. ఆరోగ్యశ్రీ అని మనం ఇప్పటికీ అంటున్నామే, ఆ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, పాత రిపోర్టులు కలిపి ఒక సంచిలో వేసి తలుపు పక్కన తగిలించు.

రేపు ఆ కాగితం రాసి ఫోటో తీసి నాకు పంపు, ఏదైనా మర్చిపోయావేమో చూస్తా. మీ అమ్మ ఒక్కతే రాత్రంతా మేలుకోకుండా నువ్వూ తమ్ముడూ వంతులేసుకోండి. వచ్చే గురువారం నేను వస్తున్నా, వడకట్టే గుడ్డలు కుట్టి తెస్తా.

మీ పెద్దమ్మ