ఏ భాషలో రాయాలని అడిగిన అమ్మాయికి

అమ్మాయీ,

ఇకమీదట ఇంగ్లీషులో ఒక్క కవితా రాయనని, పుస్తకావిష్కరణ సభలో ఆ మాట అందరి ముందూ చెప్పేస్తానని రాశావు. నీ పట్టుదల నాకు నచ్చింది. కానీ మైక్ అందుకునే ముందు మైకేల్ హార్ట్‌నెట్ అనే ఐర్లండ్ కవి సంగతి తెలుసుకో. 1974లో డబ్లిన్‌లోని పీకాక్ థియేటర్ వేదిక మీద ఆయన చేసిందీ ఇదే. అప్పటికే ఇంగ్లీషు కవిగా మంచి పేరుంది. అయినా ఇక తన దేశపు పాత భాష ఐరిష్‌లోనే రాస్తానన్నాడు. మరుసటి ఏడాది ఇంగ్లీషుకు వీడ్కోలు చెబుతూ ఏకంగా ఒక సంపుటే తెచ్చాడు.

అది తెచ్చిపెట్టుకున్న ఆవేశం కాదు. 1941లో లిమరిక్ కౌంటీలో పుట్టిన ఆయన పెరిగిన న్యూకాజిల్ వెస్ట్‌లో వినపడేదంతా ఇంగ్లీషే. దగ్గర్లోని పల్లెలో ఉండే అవ్వకు మాత్రం ఐరిష్ వచ్చు. చిన్నతనంలో చాలాకాలం ఆమె దగ్గరే ఉన్నాడు. ఒకరోజు పచ్చికలో ఉండగా రెన్ అనే బుల్లి పిట్టల పిల్లలు వచ్చి మీద వాలి, మెడ చుట్టూ హారంలా కూర్చున్నాయట. పరుగున వెళ్లి చెబితే, నువ్వు కవివి అవుతావురా అందట అవ్వ. దీన్ని ఐరిష్‌లో కవితగా రాసి, ఇంగ్లీషులోకి తనే అనువదించుకున్నాడు. ఆ పిట్టల గోళ్ల గాట్లు ఇంకా మానలేదంటూ కవిత ముగుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి చూడు. అదే అవ్వ చనిపోయాక ఆయన రాసిన గొప్ప స్మృతి కవిత ఇంగ్లీషులో ఉంది, అదీ ఆ వీడ్కోలు సంపుటిలోనే! ఎవరూ ఎక్కువగా మాట్లాడని భాష ఆమె అని ఇంగ్లీషులోనే చెప్పాడు. ఆ కవిత ఐరిష్‌లో వచ్చేదాకా ఆగి ఉంటే మనకు దక్కేది కాదేమో. నువ్వు సభలో ఏం ప్రకటించినా, నీ లోపలి దుఃఖం ఏ భాషలో వస్తే ఆ భాషలోనే రానివ్వు.

తర్వాత ఆయన కాపురం లిమరిక్ పల్లెసీమలోని టెంపుల్‌గ్లాంటిన్‌కు మార్చి, దాదాపు పదేళ్లు మాట మీద నిలబడ్డాడు. 1985లో మళ్లీ ఇంగ్లీషులో 87 హైకూలతో వచ్చాడు. తన ఇంగ్లీషు ఆనకట్ట తెగిందని, ఐరిష్ తల అడ్డంగా ఊపుతోందని వాటిలో ఒకచోట తనే రాసుకున్నాడు. మధ్యలో తాగుడు, ఇల్లు చెదిరిపోవడం... 1999లో 58 ఏళ్లకే పోయాడు. నాకిది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ పదేళ్లు వృథా అని మాత్రం నేననను. ఆ హైకూల ఏడాదే 17వ శతాబ్దపు దావీ ఓ బ్రూదర్ కవితలకు ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదాలూ వచ్చాయి. ఆశ్రయమిచ్చిన ఐరిష్ దొరల భూములు పోయి, పేదరికంలో పడిన కవి ఓ బ్రూదర్. ఆయన కోపమూ ఎత్తిపొడుపూ ఇంగ్లీషు పాఠకుడికి తగిలేలా తేవడం రెండు భాషల్లోనూ లోతుగా మునిగినవాడికే సాధ్యం. ఐరిష్‌లోనే రాసే నూలా నీ ఘోనెల్ కవితల్ని మొదట్లో ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్లలోనూ ఆయన ఉన్నాడు. నా మటుకు నాకు ఆ ప్రతిజ్ఞ కంటే ఈ అనువాదాలే పెద్ద పని.

అందుకే తొందరపడి ఏదీ ప్రకటించకు, టెన్షన్ పడకు. నీకు ఇష్టమైన పాత తెలుగు పద్యం ఒకటి తీసుకుని ఇంగ్లీషులో పెట్టు. తర్వాత నీ ఇంగ్లీషు కవిత ఒకటి తెలుగులోకి తెచ్చుకో. ఎక్కడ తెలుగు అందలేదో, ఎక్కడ ఇంగ్లీషు చాలలేదో పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టు. ఆ గుర్తులు చెరపకుండా కాగితాలు అలాగే నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.